నాలుగూళ్ల ఖాసిం సాబ్

ఇవాళ పొద్దున ఆఫీసుకు వస్తుంటే, దారిలో మోటార్ల వైండింగ్ షాపు ముందు కాళ్లు వాటంతట అవే ఆగిపోయాయి. కొత్తగా తీగ చుట్టిన మోటారుకు వార్నిష్ పూసి ఎండలో ఆరబెట్టారు. ఆ వాసన పడక కొందరు ముక్కు మూసుకుని పోతారు. నాకు మాత్రం నారాయణఖేడ్ పంపుహౌస్ గుర్తొస్తుంది. గుమ్మం బయట చెప్పులు విడిచి, చెయ్యి తిరగేసి వేళ్ల వెనకవైపు మోటారు మీద ఆనించి, కళ్లు మూసుకుని నిలబడ్డ ఖాసిం సాబ్ గుర్తొస్తాడు. జ్వరం వచ్చిన పిల్లవాడి నుదురు చూసినట్టు చూసేవాడు మోటారును. ఆయన పోయి రెండేళ్లు దాటింది. నేను రాసే మనిషిని కాను. కానీ నగరాలన్నీ చేతులు కలిపి కరెంటు వృథా తగ్గిస్తాయనీ, వాతావరణాన్ని కాపాడతాయనీ ఈ మధ్య మా ఆఫీసులో పెద్ద పెద్ద కాగితాలు తిరుగుతున్నాయి. అవి చదివినప్పుడల్లా, ఈ పని నాకు నేర్పిన మనిషి పేరు ఒక్క కాగితంలోనూ లేదే అని కోపం వస్తోంది. ఆ కోపంతోనే ఇది మొదలుపెట్టాను.

మాది సిర్గాపూర్ దగ్గర పల్లె. అమ్మానాన్న ఏడాదిలో సగం రోజులు హైదరాబాద్‌లో ఇళ్లు కట్టే కూలికి పోయేవారు. నేను కిందా మీదా పడి ఎలక్ట్రికల్ డిప్లొమా పూర్తి చేసి, నారాయణఖేడ్‌లో వీధి దీపాలూ నీళ్ల పంపులూ చూసుకునే ఒక ఏజెన్సీలో కాంట్రాక్టు మీద చేరాను. ఖాసిం సాబ్ అక్కడ సూపర్‌వైజర్. పొట్టి మనిషి, మెహందీ పెట్టిన గడ్డం, చొక్కా జేబులో ఎప్పుడూ ఒక టెస్టరు, ఒక దువ్వెన. ఇంట్లో దక్కనీ ఉర్దూ, బజార్లో తెలుగు, నాగల్‌గిద్ద వైపు పోతే కన్నడం. మూడు భాషలు వచ్చినా మూడింట్లోనూ పొదుపే. మొదటి రోజు నేను సర్టిఫికెట్ల ఫైలు తీయబోతే, అది చూడకుండానే నన్ను పంపుహౌస్‌కు తీసుకుపోయాడు.

“గీ మోటార్ మంచిగ నడుస్తుందా? చెప్పు బిడ్డా.”

మీటర్లన్నీ చూశాను. ఎక్కడా తేడా లేదు. “మంచిగనే నడుస్తుంది సాబ్” అన్నాను, పరీక్ష పాసైనంత ధీమాగా. ఆయన పైపు మీది వాల్వు వైపు వేలు చూపించాడు.

“అది సగం మూసుంది, చూసినవా? ఒక చేత్తోటి ఎద్దును కొట్టుకుంట, ఇంకో చేత్తోటి పగ్గం గుంజుతున్నం. ఏండ్ల సంది గిట్లనే నడుస్తుంది. నాకు గూడ ఇయ్యాల పొద్దుగాల్నే కంటవడ్డది.”

ఎప్పుడో పాత పైపు ఒత్తిడికి పగులుతోందని ఎవరో వాల్వు సగం మూశారట. తర్వాత పైపు మార్చారు. వాల్వు తెరవాలన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. ఆయన ఆ చక్రాన్ని నా చేతే తిప్పించాడు. ఆ రోజు నుంచి ట్యాంకు ముందుకంటే చాలా త్వరగా నిండడం మొదలైంది. నేను చదివిన చదువులో వాల్వు ఉంది, మోటారు ఉంది, లెక్కలూ ఉన్నాయి. తల తిప్పి పక్కకు చూడమని మాత్రం ఏ పుస్తకమూ చెప్పలేదు. “నాకు గూడ ఇయ్యాల్నే కంటవడ్డది” అని ఒక పెద్ద మనిషి కొత్తగా చేరిన పిల్లతో అనడం కూడా నాకు కొత్తే. మా కాలేజీలో మాస్టర్లకు ఏదైనా తెలియదంటే అది సిలబస్‌లో లేదని అర్థం.

వాతావరణం గురించి ఆయన నాతో మాట్లాడింది ఒక్కసారే. చిన్న పట్టణాలు కూడా కరెంటు వాడకం తగ్గించాలని, ఒకదానికొకటి సాయపడాలని ఎక్కడి నుంచో ఒక ఉత్తరం వచ్చింది. మా మేనేజర్ దాన్ని పైకి చదివి, “మన ఊరి లైట్లు ఆర్పితె లోకం సల్లబడ్తదా సాబ్?” అని నవ్వాడు. అందరం నవ్వాం. నేను కూడా నవ్వానని ఒప్పుకోవాలి. ఖాసిం సాబ్‌కు మనూర్ దగ్గర ఎకరన్నర చేను ఉండేది. ఆ ఏడు కంది పూతంతా ఎండకు రాలిపోయింది. ఆయన నవ్వలేదు, కోప్పడనూ లేదు.

“మన లైటు ఊకె మండితె ఎక్కడ్నో ఇంత బొగ్గు మండుతది. పొగ పైకి పోయినంక గది ఏ ఊరిదని ఎవ్వలడుగుతరు? ఎండ గూడ అంతే. ఏ ఊరోళ్ల చేనని చూస్కుంట కొట్టదు.”

తర్వాత ఈ విషయం మీద నేను ఎన్నో ఉపన్యాసాలు విన్నాను, కొన్నింట్లో నిద్ర కూడా పోయాను. నాకు అర్థమైంది మాత్రం ఆ మాటలతోనే.

“నాలుగూళ్ల మాట” అని మేం పిలుచుకునే కూటమి పుట్టింది ఆయన వల్లే. ఒక ఎండాకాలం మా పంపు స్టార్టర్ కాలిపోయింది. కొత్తది రావడానికి వారం పడుతుందన్నారు. ఊళ్లో బిందెల దగ్గర కొట్లాటలు మొదలయ్యాయి. సాబ్ ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి పక్క పట్టణానికి పోయి, అక్కడ తనలాంటి సూపర్‌వైజర్‌ను బతిమాలి, వాళ్ల దగ్గర అదనంగా ఉన్న స్టార్టర్‌ను గోనెసంచిలో పెట్టుకుని తెచ్చాడు. మరో నెలకు వాళ్ల మోటారు మూలన పడితే మా బేరింగులు అటు పోయాయి. సామాను ఇచ్చిపుచ్చుకునేవాళ్లం తెలివి ఎందుకు ఇచ్చిపుచ్చుకోవద్దని ఆయనకు తోచింది. మెల్లగా నాలుగు చిన్న పట్టణాల వాళ్లు కలిశారు. మిగతా మూడింటి పేర్లు రాయను. ఎందుకో మీకే తెలుస్తుంది. ఒకటి మాత్రం కర్ణాటక సరిహద్దుకు అవతలిది.

నెలకోసారి ఒక్కో ఊళ్లో కూర్చునేవాళ్లం. ఎవరి ఊరైతే వాళ్లు జొన్నరొట్టెలు, పుంటికూర పప్పు పెట్టేవారు. కాగితాలు చదవడం లేదు. ప్రతి ఊరూ ఒక వస్తువు తెచ్చి జంపఖానా మీద పెట్టాలి: కాలిన కాయిల్, అరిగిన బేరింగు, నీళ్లు కారే వాల్వు. అది ఎలా పాడైందో, కరెంటు ఎంత తాగిందో, ఎలా బాగు చేశారో చెప్పాలి. ఒక ఊళ్లో ఫలించిన పని నెల తిరిగేలోగా మిగతా మూడూళ్లలో కూడా చేయాలి. ఇదే కట్టుబాటు. బయటివాళ్లు చూస్తే పాత సామాను బేరమనుకునేవారు. నాలుగూళ్లలో పంపులు నడిచే గంటలు తగ్గాయి, పట్టపగలు వెలిగే దీపాలు ఆరాయి. ఒకరిని చూసి ఒకరు పోటీ పడేవాళ్లం. ఆ పోటీలోనే నేను కాలు జారాను.

వీధి దీపాలకు టైమర్లు బిగించే పని నాకు అప్పగించారు. అందరూ తెల్లవారి ఆరుకు ఆర్పుతుంటే, నాలుగున్నరకే ఎందుకు ఆర్పకూడదనిపించింది. ఆ వేళప్పుడు దుకాణాలు ఉండవు, బండ్లు ఉండవు, మనుషులు ఉండరు. కంప్యూటర్‌లో లెక్క కట్టాను. బ్రహ్మాండంగా వచ్చింది. “ఓ నెల చూద్దాం. ఎవ్వలికన్న తక్లీఫ్ అయితుందా, ఊర్లె తిరిగి అడుగు” అన్నాడు సాబ్. నెల గడిచింది. ఊళ్లో తిరగడానికి బద్ధకించి ఫిర్యాదుల రిజిస్టరు తెరిచాను. దీపాల గురించి ఒక్క గీత లేదు. “అడిగినవా?” అంటే, “అడిగిన సాబ్, ఎవ్వలకు తక్లీఫ్ లేదు” అన్నాను. అబద్ధం ఎంత తేలిగ్గా నోట్లోంచి వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. నా మాట నమ్మి ఆయన నాలుగూళ్ల ముందు నన్ను నిలబెట్టి చెప్పించాడు. కట్టుబాటు ప్రకారం మిగతా మూడూళ్లూ టైమర్లు నాలుగున్నరకు తిప్పుకున్నాయి. చలికాలం వచ్చింది.

ఆ చలికాలంలోనే మా పేరు బయటికి పోయింది. చాలా నగరాల వాళ్లు హైదరాబాద్‌లో కలుస్తున్నారని, చిన్న పట్టణాలు ఇలా ఒకదాన్ని చూసి ఒకటి నేర్చుకోవడం గురించి ఖాసిం సాబ్ వేదిక మీద మాట్లాడాలని పిలుపు వచ్చింది. ఆయన రిటైరవడానికి రెండు నెలలు ఉంది. ముప్పై ఏళ్లు నూనె మరకల చొక్కాతో తిరిగిన మనిషి, కోటు గుడ్డ కొని దర్జీకి ఇచ్చాడు. మేం ఏడిపిస్తే, “మా ఇంట్లామె కొనుమన్నది” అని తప్పు ఆమె మీదికి నెట్టాడు. ఆ వారమంతా జేబులోని దువ్వెనకు పని పెరిగింది. ఇల్లలకగానే పండగ కాదని మాకు ఎవరు గుర్తు చేస్తారు?

ఒకరోజు ఆయన బస్టాండ్ దగ్గర చాయ్ తాగుతూ ఏదో విని వచ్చి, “సునీతా, దవాఖాన దాంక పోయొద్దాం నడువు” అన్నాడు. ఎందుకో చెప్పలేదు. అక్కడ ఎల్లవ్వ అనే ఆవిడ తుంటి ఎముక విరిగి పడుకుని ఉంది. హైదరాబాద్ కూలికి పోయే మనిషి. తెల్లవారుజామున ఐదింటి బస్సు అందుకోవాలని సద్దిమూట పట్టుకుని గబగబా నడుస్తూ, చీకట్లో దారి పక్క మురుగు మోరీలో పడిపోయింది.

“లైట్లు లేకుండెనా?” అని అడిగాడు సాబ్.

“ఏడియి సాబ్. గీ నడుమ రోజు పొద్దుగాల కరెంట్ తీస్తుండ్రు గద. నేనే జర చూస్కొని నడవకపోతి.”

“రోజూ పోతుంటె ఎవ్వలకన్న చెప్పలేదా అవ్వా?”

ఎల్లవ్వ ఆయన వైపు వింతగా చూసింది. “కరెంట్ పోయిందని ఎవలికి చెప్తం సాబ్? పోతది, వస్తది.”

రిజిస్టరు ఎందుకు ఖాళీగా ఉందో అప్పుడు అర్థమైంది. మా వైపు దీపం ఆరితే దాన్ని ఎవరో ఆర్పారని ఎవరూ అనుకోరు. కరెంటు పోయిందనుకుంటారు. కరెంటు పోవడం మీద ఫిర్యాదు రాయడమంటే మబ్బు పట్టిందని ఫిర్యాదు రాయడమే. ఇది నాకు తెలియని సంగతి కాదు. ఆ ఐదింటి బస్సూ నాకు తెలియనిది కాదు. “ఏ ఊరు బిడ్డా నీది?” అని ఎల్లవ్వ ప్రేమగా అడిగితే, “సిర్గాపూర్ దిక్కు. మా అమ్మ గూడ గదే బస్సుకు పోయేది” అన్నాను. ఆ వేళప్పుడు మనుషులు ఉండరని లెక్క కట్టింది ఆ తల్లి కూతురే. ఎల్లవ్వకు నా సంగతి తెలియదు. నా చెయ్యి పట్టుకుని, మంచి నౌకరీ సంపాదించుకున్నావని మెచ్చుకుంది.

బయటికి వచ్చాక వరండాలోనే నిజం చెప్పేశాను. ఊళ్లో తిరగలేదని, ఎవర్నీ అడగలేదని. ఆయన తిడితే బాగుండేది. “నేను గూడ నీ ఎంబడి తిరగాల్సుండె” అన్నాడు. తర్వాత, “ముందుగాల టైమర్లు మార్చు. ఇయ్యాల్నే” అన్నాడు. పొద్దు గూకేలోపు అన్నీ మార్చాను. మిగతా ఊళ్లకు ఫోన్ చేసి చెబుతానన్నాను.

“ఏమని చెప్తవ్?”

“టైం మార్చుకోమని.”

“ఎందుకంటె?”

నేను ఫోన్‌లో నంబర్లు వెతకసాగాను. ఆయన అన్నాడు: “మంచి సంగతి చెప్పనీకె ఊరూరికి పోయినం. గిది చెప్పనీకె ఫోనా?”

మేనేజర్‌కు ఈ సంగతి తెలిసి నన్ను పక్కకు పిలిచాడు. “ఆమె పడ్డది మోరీల. మోరీ మన పని కాదు. రిజిస్టర్ల కంప్లైంట్ లేదు. నువ్వు సప్పుడు చేయకుంటె నీ కాంట్రాక్టు ఉంటది, సాబ్‌కు సన్మానం ఉంటది. ఎందుకు పరేషాన్?” అతను చెడ్డవాడు కాదు, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. నా ఉద్యోగం పోతే అమ్మ మళ్లీ ఆ బస్సెక్కాలి. పైగా ఆ కోటు. మర్నాడు సాబ్‌తో, “పోనీ, మీరే చెప్పండి సాబ్. మీరు చెప్తె ఎవ్వలు ఏమనరు” అన్నాను. “నేను చెప్తె వాళ్లు మాఫ్ చేస్తరు. నువ్వు చెప్తె నేర్సుకుంటరు. నువ్వు గూడ” అన్నాడు. అప్పుడు ఆయన మీద నాకు కోపమే వచ్చింది. కన్నబిడ్డయితే ఇలా చేసేవాడా అనుకున్నాను.

మొదటి ఊళ్లో నేను, “టైమర్లలో చిన్న ప్రాబ్లం వచ్చింది, మళ్లా ఆరింటికి పెట్టుకోండి” అని చెప్పి ఊపిరి పీల్చుకున్నాను. తిరుగు బస్సులో సగం దారి వచ్చాక సాబ్ మెల్లగా అన్నాడు: “టైమర్‌కు నోరు లేదని దాని మీద వేసినవ్. ఎల్లవ్వ పేరే తియ్యలే.” అంతే. వచ్చే స్టేజీలో దిగి, ఎదురుగా వచ్చిన ఆటో ఎక్కి మళ్లీ ఆ ఊరికే పోయాం. ఈసారి మొత్తం చెప్పాను. అడగకుండానే అడిగానని అబద్ధమాడిన సంగతి కూడా.

రెండో ఊళ్లో నర్సింలు అనే సూపర్‌వైజర్ ఉండేవాడు. నా మాట పూర్తికాకముందే లేచి నిలబడ్డాడు. “మీ మాట మీద మా ఊర్ల లైట్లు ఆర్పినం. ఇయ్యాల తప్పయిందని వచ్చిండ్రు, రేపు ఇంకోటి చెప్తరు. ఇగ మా ఊరు మీతోటి రాదు.” నాకు ఏడుపు ఆగలేదు. సాబ్ వాదించలేదు. “నీ కోపం సహీ. మాతోటి మాట బందు పెట్టు, టైమర్ మాత్రం మార్చు నర్సింలు” అన్నాడు. ఆ ఊరు మళ్లీ మాతో కూర్చోలేదు. టైమర్లు మాత్రం ఆ సాయంత్రమే మార్చారని తర్వాత తెలిసింది.

మూడోది సరిహద్దు అవతలి ఊరు. అక్కడి బసప్ప అంతా విని, తల దించుకున్నాడు. తర్వాత తన కన్నడం కలిసిన తెలుగులో చెప్పాడు: “నమ్మ కుంబారోళ్లు వచ్చి చెప్పిరి సాబ్. పొద్దున మట్టికి పోతె దారి కనపడ్తలేదని. నేనే తిప్పి పంపిన. నారాయణఖేడోళ్లు చేసిండ్రంటె సరిగనే ఉంటది, మనోళ్లే ఊకె అంటుండ్రు అనుకున్న.” సొంత ఊరి కుమ్మరుల మాట కంటే నా కంప్యూటర్ లెక్క ఆయనకు పెద్దదైంది. తిలాపాపం తలా పిడికెడు అంటారు గానీ, అందులో పెద్ద పిడికిలి నాదే. ఆ రోజు మేం ముగ్గురం కూర్చుని కొత్త కట్టుబాటు పెట్టుకున్నాం: ఇక మీదట ఏ దీపం ఆర్పాలన్నా, ఏ పంపు వేళ మార్చాలన్నా, ముందు వారం రోజులు ఆ వేళకు ఆ దారిలో నడిచి చూడాలి. మనుషులు కనపడితే ఆగి అడగాలి. పక్క ఊరు చేసిందని చేయకూడదు.

హైదరాబాద్ వాళ్లకు సాబ్ తానే ఫోన్ చేసి జరిగింది చెప్పాడు. వాళ్లు మర్యాదగానే విని, ఈసారికి వేరే పట్టణం వాళ్లను పిలుస్తామన్నారు. కోటు ఆయన రంజాన్‌కు వేసుకున్నాడు. నా కాంట్రాక్టు ఆ ఏడాది పొడిగించలేదు. అమ్మ ఐదు నెలలు మళ్లీ కూలికి పోయింది. నేను వేరే చోట చేరేదాకా సాబ్ వారానికోసారి ఇంటికి వచ్చేవాడు. ఏ ఊళ్లో ఖాళీ ఉందో కనుక్కుని చెప్పేవాడు. ఓదార్పు మాటలు మాత్రం ఒక్కటీ చెప్పలేదు. మిగిలిన మూడూళ్ల కూటమి నిలిచింది, నిలవడమే కాదు గట్టిపడింది. తప్పు చెప్పుకుంటే విడిపోతామని భయపడ్డవాళ్లం, ఆ తర్వాతే జంపఖానా మీద తప్పులు కూడా పెట్టడం నేర్చుకున్నాం.

ఆయన రిటైరైన రోజు నేనూ పోయాను. చిన్న గదిలో పూలదండ, మిఠాయి, నాలుగు మాటలు. అందరూ వెళ్లాక ఆయన ముందు నిలబడి, “నా వల్ల మీ హైదరాబాద్ పోయింది సాబ్” అన్నాను. చాలా రోజులుగా గొంతులో ఉన్న మాట. ఆయన దండ తీసి కుర్చీకి తగిలిస్తూ అన్నాడు:

“హైదరాబాద్ పోవాల్సినోళ్లు పొద్దుగాల ఐదింటికి పోతరు బిడ్డా. వాళ్లు మంచిగ పోతుండ్రా లేదా, గది చూడు.”

ఇప్పుడు నేను ఇంకా పెద్ద పట్టణంలో అదే పని చేస్తున్నాను. నా కింద డిప్లొమా చదివిన పిల్లలు నలుగురు ఉన్నారు. కాగితం తెచ్చి ఫిర్యాదులేమీ లేవు మేడం అంటే, అది మంచి వార్తని నేను అనుకోను. వాళ్లను తీసుకుని నడుస్తాను. నన్ను వాళ్లు తిట్టుకుంటారనీ తెలుసు. ఖాసిం సాబ్ గురించి గొప్పగా రాయాలని కూర్చున్నాను. ఆయన గొప్పవాడే, అందులో నాకు అనుమానం లేదు. కానీ నారాయణఖేడ్ పోయినప్పుడల్లా ఎల్లవ్వ ఇంటికి పోతాను, నాకు చాయ్ పెట్టడానికి గోడ పట్టుకుని లేస్తుంది. ఆ కాలు మళ్లీ సరిగ్గా రాలేదు. ఆ ఒక్క మాట రాయకుండా ఇది ముగిస్తే, ఖాసిం సాబ్ నన్ను మళ్లీ ఆటో ఎక్కించి వెనక్కి తీసుకుపోయేవాడు.